చేపల తొట్టెకు పంకా

మా ఊరు దుర్గి. పల్నాడులో వున్నది. పల్నాటి యుద్ధం కథ విన్న పిల్లలకు మాచర్ల పేరు తెలిసే వుంటుంది. మాచర్ల మాకు దగ్గరే. పెద్దవాళ్ళకయితే ఇంకొక గుర్తు చెబుతాను. వేసవిలో ఎండల సంగతి వచ్చినప్పుడల్లా రేడియో వార్తల్లో రెంటచింతల పేరు వినపడేది. ఆ రెంటచింతలకూ మాకూ ఎంతో దూరం లేదు. అక్కడి ఎండే ఇక్కడి ఎండ. వైశాఖమాసంలో పన్నెండు దాటిందంటే వీధిలో కుక్క కూడా తిరగదు. శిల్పులు మాత్రం పందిళ్ళకింద కూచుని ఉలి చప్పుడు ఆపకుండా రాళ్ళు చెక్కుతూ వుంటారు. దుర్గి రాతి శిల్పాలకు ఎంతో పేరు వున్నది గాని, ఆ కథ ఇంకోసారి చెప్పుకుందాం.

ఇటువంటి ఊళ్ళో మా అమ్మాయి చేపలు పెంచుతానన్నది. అది ఏడో తరగతి చదువుతున్నది. పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి గనక కాదనటానికి వీలులేకపోయింది. గుంటూరు వెళ్ళి ఒక అద్దాల తొట్టె కొనుక్కువచ్చాం. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అడుగున గులకరాళ్ళు పరిచి, పైన కాస్త వెలితి వుంచి నింపితే సుమారు యాభై లీటర్ల నీళ్ళు పట్టినై. రెండు బంగారు చేపలు, నాలుగు నల్ల మోలీలు తెచ్చాం. తొట్టెతోబాటే నల్లటి ప్లాస్టిక్ మూత, మూత లోపల చిన్న ట్యూబులైటూ వచ్చినై.

ఈ మూత సంగతి కొంచెం చెప్పాలి. చేపలు అప్పుడప్పుడు ఎగిరి తొట్టె బయట పడతాయి. మూత వుంటే ఆ భయం లేదు. దుమ్ము పడదు, బల్లి పడదు, పిల్లి చెయ్యి పెట్టదు. దీపం వెలిగిస్తే చేపల పొలుసులు మిలమిల మెరుస్తాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో అద్దాల తొట్టెల్లో చేపలను ప్రజలకు చూపించటం మొదలుపెట్టారు. ఆ వినోదం అక్కడినించి ప్రపంచమంతా పాకింది. చలిదేశాలవారికి నీరు చల్లారిపోకుండా కాపాడుకోవటమే పెద్ద చిక్కు. వాళ్ళకు మూత దుప్పటివంటిది. మా దుర్గిలో చైత్రమాసంలో దుప్పటి కప్పుకునేవాడెవడు?

మార్చి నెల గడిచింది. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఒకనాటి మధ్యాహ్నం మా చిన్నవాడు తొట్టె దగ్గర నిలబడి, "అక్కా! చేపలు పాట పాడుతున్నయ్యే!" అని కేకపెట్టాడు. వెళ్ళి చూస్తే రెండు బంగారు చేపలూ నీటి పైకి వచ్చి, నోళ్ళు తెరిచి మూస్తున్నై. మోలీలు కూడా పైనే తచ్చాడుతున్నై. మా అమ్మ ముక్కుమీద వేలేసుకుని, "పాట కాదురా నాయనా, ఆయాసం. పాపం, వాటికి ఊపిరాడటంల్లేదు," అన్నది.

అమ్మాయి ధర్మామీటరు పెట్టి చూసింది. నీటివేడి 34 సెంటిగ్రేడు డిగ్రీలు. దాని ముఖం పాలిపోయింది. అంతకుముందు వేసవిలో దాని స్నేహితురాలి ఇంట్లో చేపలన్నీ రెండు రోజుల్లో చచ్చిపోయినై. అది ఆ సంగతి మరిచిపోలేదు.

పిల్లలూ, చేపకు వేడి ఎందుకు పడదో మీకు తెలుసా? చేప కూడా మనలాగే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అయితే గాలిలోనించి కాదు, నీటిలో కరిగివున్న దానిని మొప్పలతో తీసుకుంటుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో ఎనిమిది మిల్లీగ్రాములకు కొంచెం పైగా కరిగితే, 35 డిగ్రీల దగ్గర ఏడు మాత్రమే కరుగుతుంది. ఒక్క మిల్లీగ్రాముకే ఇంత గొడవా అని మీరనవచ్చు. అసలు చిక్కు రెండో పక్కన వున్నది. చేప ఒంటికి మన ఒంటిలాగా సొంత వెచ్చదనం వుండదు. నీరు ఎంత వేడిగా వుంటే చేప ఒళ్ళూ దాదాపు అంత వేడిగా వుంటుంది. నీరు పది డిగ్రీలు వేడెక్కితే దానికి కావలసిన ప్రాణవాయువు ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే రాబడి తగ్గి ఖర్చు రెండింతలయిన సంసారమన్నమాట. పైగా తినగా మిగిలిన మేత వేడికి త్వరగా కుళ్ళి, వున్న ప్రాణవాయువులో అదీ వాటా పంచుకుంటుంది. కోస్తాలో రొయ్యల చెరువుల మీద చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతూ వుండటం చూసేవుంటారు. ఆ చక్రాలు తిప్పేది నీటికి ప్రాణవాయువు అందించటానికే.

అన్ని చేపలూ ఒకటి కాదు లెండి. మన కొర్రమీను వున్నదే, అది పైకివచ్చి గాలినే మింగి బతకగలదు. అందుకే చెరువు ఎండి బురద అయినా కొంతకాలం ఓర్చుకుంటుంది. మోలీలు మెక్సికో ప్రాంతపు వెచ్చటి నీళ్ళ చేపలు గనక కొంత నయం. బంగారు చేపలను వెయ్యేళ్ళకు పైగా పెంచి, ఇన్ని రంగులు తెప్పించినది చైనావారు. అది చల్లటి నీళ్ళ జాతి. మొదట ఆయాసపడ్డవి అవే.

ఏం చెయ్యాలి? ఇంట్లో తలా ఒక ఉపాయం చెప్పారు. చిన్నవాడు ఐసు ముక్కలు వేద్దామన్నాడు. ఐసు వేస్తే నీరు చప్పున చల్లబడి, ఐసు కరిగాక మళ్ళీ వేడెక్కుతుంది. అల్లా గంటకొక తీరుగా మారటం వేడికన్నా ప్రమాదం. మూత తీసేద్దామని మా ఆవిడ అన్నది. తీసి చూశాం, వేడి ఒక డిగ్రీ తగ్గింది గాని, పక్కింటి పిల్లి ఆ సాయంత్రమే బల్లమీద ఎక్కి కూచున్నది.

"పోనీ, కాలవలో వదిలిపెట్టండర్రా, సుఖంగా బతుకుతయ్," అన్నది మా అమ్మ. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు మొదటిసారి నీళ్ళు వదలటం తెలిసిన మనిషి ఆవిడ. కాలవ అంటే ఆవిడ దృష్టిలో సర్వరోగనివారిణి.

"అట్టా చెయ్యగూడదు నానమ్మా," అన్నది అమ్మాయి. "తొట్టెలో పెంచిన దెయ్యం చేపల్ని ఎవరో నీళ్ళల్లో వదిలితేనే ఇప్పుడు అవి కృష్ణలోనూ చెరువుల్లోనూ పెరిగిపోయి, జాలర్ల వలలు చింపుతున్నయ్."

అమ్మాయి చెప్పింది నిజం. ఒళ్ళంతా గట్టి పలకలు కప్పుకున్న ఈ చేప దక్షిణ అమెరికాది. తొట్టె అద్దాలకు పట్టిన పాచి తింటుందని తెచ్చుకుంటారు, పెద్దదయ్యాక వదిలించుకుంటారు. పెంపుడు చేపను కాలవలో వదలటం దయ కాదు. ఆ చేప చావనన్నా చస్తుంది, లేదా అక్కడి చేపల నోటి కూడు తీస్తుంది.

అమ్మ ఏమీ అనకుండా లేచి కుండలోనించి చెంబుతో నీళ్ళు ముంచుకుని తాగింది. అమ్మాయి ఆ కుండకేసే చూస్తూ, "నాన్నా, ఈ కుండకు ఐసు లేదు, కరెంటు లేదు. నీళ్ళు చల్లగా ఎట్టా వుంటయ్యో అట్టా మన తొట్టె వుండగూడదా?" అన్నది.

వుండవచ్చు. కుండకు కంటికి కనిపించని సన్నటి చిల్లులు వుంటాయి. వాటిగుండా నీరు ఊరి, పైకి చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీటిలోనించి లాక్కుంటుంది. ఇందులో ఒక చిత్రం వున్నది. నీరు ఆవిరి అయ్యేటప్పుడు ఎంత వేడి పీల్చుకున్నా ఆ వేడి ధర్మామీటరుకు కనిపించదు, ఆవిరిలో దాగిపోతుంది. అందుకే దానికి గుప్తోష్ణం అని పేరు. 1760 ప్రాంతంలో స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన ఈ సంగతి కనిపెట్టాడు. మన కుమ్మరులు ఆ పేరు తెలియకపోయినా కుండలు చేస్తూనే వున్నారు.

అయితే మా తొట్టె అద్దాలకు చిల్లులు లేవు. నీరు ఆవిరి కావటానికి పై ముఖం ఒక్కటే దారి. ఆ దారిని మూత మూసేసింది. మూతకింద గాలి నిండా ఆవిరి పేరుకుని, ఇంకొక చుక్క ఆవిరికి కూడా చోటు లేకుండా వున్నది. మూత ఎత్తి చూస్తే లోపలివైపున నీటిబొట్లు వేలాడుతున్నై. పైగా మధ్యమధ్య దీపం వేడి ఒకటి. ఆ తడిగాలిని బయటికి తరిమి, పొడిగాలిని లోపలికి తోలాలి. అందుకు కావలసింది ఒక పంకా.

పెద్ద పంకా అక్కర్లేదు. కంప్యూటరు పెట్టెలో వేడి పోవటానికి అరచేయంత పంకా ఒకటి తిరుగుతూ వుంటుంది. పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్లో అది చవకగా దొరికింది. పన్నెండు సెంటీమీటర్ల చదరం, 12 వోల్టులు, దానికి పట్టే కరెంటు 0.2 ఆంపియర్లు. రెండూ హెచ్చవేస్తే రెండున్నర వాట్లకు లోపే. రాత్రింబవళ్ళు ఆపకుండా తిప్పినా ఒక యూనిట్ కరెంటు ఖర్చుకావటానికి పదిహేడు రోజులు పడుతుంది. ఇంటర్నెట్ పెట్టె పాడైపోగా మూలపడిన అడాప్టరు ఒకటి ఇంట్లోనే వున్నది. దానిమీద 12 వోల్టులు, 1 ఆంపియరు అని రాసివుంది. వోల్టులు రెండింటికీ సరిపోవాలి. ఆంపియర్లు మాత్రం అడాప్టరుకు ఎక్కువ వున్నా చిక్కులేదు, తక్కువ వుండకూడదు.

ఇక మూతకు కంత పెట్టాలి. దానికి మా ఎదురింటి శిల్పి సాయం వచ్చాడు. ఆయన్ను నేను అన్నయ్యా అంటాను, పిల్లలు పెదనాన్నా అంటారు. ప్లాస్టిక్ మూతను చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది రాయికన్నా మొండిది, దెబ్బ కొడితే పగిలి వూరుకుంటది," అన్నాడు. బండ చీల్చేటప్పుడు వరసగా గుంటలు పెట్టి ఆ గీతవెంట చీలుస్తారు గదా, ఆయన అదే పని చేశాడు. వృత్తలేఖినితో పదకొండు సెంటీమీటర్ల చక్రం గీసి, ఆ గీతమీద చిన్న డ్రిల్లుతో దగ్గరదగ్గరగా చిల్లులు వేశాడు. తరవాత చిల్లుకూ చిల్లుకూ మధ్య కత్తిమొనతో తెంపితే మధ్యముక్క అప్పడంలాగా ఊడివచ్చింది. అంచును ఆకురాయితో నున్నగా అరగదీశాడు. దేవతామూర్తులను చెక్కే చేతులు గనక పది నిమిషాల్లో అయిపోయింది. కూలి అడగలేదు గాని, చల్లబడ్డాక ఒకసారి చూపించమన్నాడు.

పంకాను ఏ వైపుకు పెట్టాలనేది మాకు కాస్సేపు చర్చ అయింది. లోపలి తడిగాలిని బయటికి లాగేటట్టు పెట్టవచ్చు, బయటి గాలిని లోపలికి ఊదేటట్టూ పెట్టవచ్చు. లాగేటట్టు పెడితే ఆవిరంతా పంకా గుండానే పోయి, దాని ఇనుప భాగాలు తుప్పుపడతాయి. ఊదేటట్టు పెడితే పంకాకు ఎప్పుడూ పొడిగాలే తగులుతుంది. మేము ఊదేటట్టే పెట్టాం. గాలి ఏ వైపుకు పోతుందో పంకా పక్కన చిన్న బాణం గుర్తు చూపిస్తుంది. గుర్తు లేకపోతే తిప్పి కాగితంముక్క పట్టుకు చూస్తే తెలుస్తుంది. తిన్నగా కిందికి ఊదితే గాలి నీటికి కొట్టుకుని అక్కడే సుళ్ళు తిరుగుతుంది. అంచేత ఒకవైపు థర్మోకోల్ ముక్క ఎత్తుపెట్టి పంకాను ఏటవాలుగా బిగించాం. గాలి నీటిమీదుగా జారుతూ ఆ చివరికి పోతుంది. ఆ చివర మూతలో గొట్టాలకోసం విడిచిన సందును కాస్త పెద్దది చేశాం. దారి లేకపోతే గాలి ఎల్లా పోతుంది? పంకాకిందా ఆ సందుకూ దోమతెర గుడ్డ అంటించాం. చేప ఎగిరినా రెక్కలకు తగలదు, బల్లి లోపలికి రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీరూ కరెంటూ పక్కపక్కన వుండేచోట పిల్లలు ఒంటరిగా పని చెయ్యకూడదు. గోడలోనించి వచ్చేది 230 వోల్టులు. అడాప్టరు పెట్టటం తియ్యటం నేను చేశాను. 12 వోల్టుల తీగెలు మాత్రం అమ్మాయి కలిపింది. పంకాకు ఎర్ర తీగె ప్లస్, నల్ల తీగె మైనస్. అడాప్టరు తీగెల్లో ఏది ఏదో మీటరు పెట్టి చూసుకోవాలి. అడాప్టరు తొట్టెకన్నా ఎత్తున, గోడకు వుండాలి. తొట్టెనించి పోయే తీగె తిన్నగా పైకి పోకుండా, మధ్యలో ఒకసారి ఊయలలాగా కిందికి వేలాడి మళ్ళీ పైకి పోవాలి. అప్పుడు తీగెవెంట నీటిబొట్టు జారినా ఆ వంపు దగ్గర నేలమీద పడిపోతుంది గాని ప్లగ్గులోకి పోదు.

సాయంత్రం ఐదుగంటలకు పంకా తిప్పాం. నీటివేడి 34. ట్యూబులైటు ఆర్పేశాం. నీటిమీద సన్నటి అలలు లేచినై. అల లేచినచోట గాలిలోని ప్రాణవాయువు నీటిలో త్వరగా కలుస్తుంది గనక, చల్లదనం రాకముందే చేపలకు ఆ మేలు కొంత అంది వుంటుంది. తొమ్మిదిగంటలకు 32. అమ్మాయి నిద్రపోనన్నది. దానిని బలవంతాన పడుకోబెట్టాల్సి వచ్చింది. నేనుకూడా రాత్రి రెండుసార్లు లేచి చూశాను. టార్చి వేస్తే బంగారు చేపలు అడుగున గులకరాళ్ళ దగ్గర మెల్లిగా ఈదుతున్నై. తెల్లవారేసరికి 29 డిగ్రీలు. మర్నాడు మధ్యాహ్నం గది వేడి 38 వున్నప్పుడు కూడా నీరు ముప్ఫైన్నర దాటలేదు. చేపలు పైకి రాలేదు. ఎదురింటి పెదనాన్న వచ్చి తొట్టె అద్దంమీద అరచెయ్యి ఆనించి చూసి, "మా పందిరికి గూడా ఒకటి పెట్టండయ్యా," అని నవ్వాడు.

పంకా ఊరికే చల్లబరచదు, నీళ్ళు తాగుతుంది. రోజుకు సుమారు లీటరున్నర తగ్గినై. లీటరు నీరు ఆవిరి కావటానికి 580 కిలోకేలరీల వేడి కావాలి. బయటినించి వేడి అసలు రాకపోతే, ఆ ఒక్క లీటరూ పోతూ పోతూ మిగిలిన యాభై లీటర్లను పదకొండు డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. కాని గదిలోనించి వేడి వస్తూనే వుంటుంది గదా, మనకు దక్కేది నాలుగైదు డిగ్రీలే.

తగ్గిన నీటిని పోసే పద్ధతి ఒకటి వున్నది. పల్నాడు సున్నపురాయి నేల. సిమెంటు కార్ఖానాలు ఇక్కడ వెలసినది అందుకే. మా బోరునీటిలో ఆ సున్నం కరిగి వుంటుంది; కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. నీరు ఆవిరయినప్పుడు సున్నమూ ఉప్పూ తొట్టెలోనే వుండిపోతాయి. రోజూ బోరునీళ్ళే పోస్తే అవి అంతకంతకు చిక్కబడతాయి. అంచేత ఆవిరయిన లోటుకు ఫిల్టరు చేసిన మంచినీళ్ళు పోస్తాం. వారానికొకసారి మాత్రం నాలుగోవంతు నీరు తోడేసి, ముందురోజు బకెట్టులో పట్టి నిలవబెట్టిన నీరు పోస్తాం. రోజువారీ పని అమ్మాయిది, వారం పని నాది. కరెంటు పోయే గంటలకోసం, ఇంటర్నెట్ పెట్టెలకు వాడే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి తగిలించాం.

అమ్మాయి నోటుపుస్తకంలో రోజూ మూడుసార్లు అంకెలు రాసేది. ఒక వింత అది కనిపెట్టింది. మేనెలలో అంత బాగా పనిచేసిన పంకా, వానలు పడ్డాక ఆగస్టులో మందగించింది. గదికీ నీటికీ తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా వుండటంల్లేదు. నీరు తరగటం కూడా సగానికి సగం తగ్గింది. పంకా అరిగిపోయిందేమోనని చూస్తే అదే వేగంతో తిరుగుతున్నది.

దానికి రెండు ధర్మామీటర్ల ఆట నేర్పాను. ఒక ధర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ పంకాగాలికి పెట్టాలి. మేలో పొడిది 38 చూపిస్తే తడిది 24 చూపించింది. ఆగస్టులో పొడిది 31, తడిది 27. పంకా ఎంత ఊదినా నీటిని ఆ తడి ధర్మామీటరు అంకెకన్నా కిందికి దించలేదు. గాలి పొడిగా వుంటే ఆవిరికి చోటు ఎక్కువ. గాలి ముందే తడిసివుంటే చోటు వుండదు.

దసరా సెలవులకు మా చెల్లెలి కొడుకు బందరునించి వచ్చాడు. తొట్టె చూసి వాడికీ పంకా కావాలనిపించింది. సముద్రం పక్క ఊరు, వేసవిలో కూడా చెమట ఆరని ఊరు. అమ్మాయి నోటుపుస్తకం తెరిచి వాడి ముందు పెట్టింది.

"పెట్టుకో బావా, నీళ్ళు కదులుతయ్ గనక చేపలకు మంచిదే. కాని మా ఊళ్ళో చల్లబడినంత మీ ఊళ్ళో చల్లబడదు. ముందు తడిగుడ్డ పెట్టి చూసుకో," అన్నది.

వాడు ఆ అంకెలు రెండుసార్లు చదివి, "మీకేం, మీ ఊరి ఎండ మంచిది," అన్నాడు. మా ఎండను చూసి ఒకరు అసూయపడగా వినటం నాకు అదే మొదటిసారి.